అత్తగారు ముందు సీట్లో కూర్చున్న రోజు

మొన్నొకనాడు మా చెల్లెలి మనవడు కొత్తగా కొన్న కారు చూపించడానికి ఇంటికి వచ్చి, వెనక డిక్కీ తెరిచి, అందులో బిగించిన గ్యాసు బండను చేత్తో తట్టి, ఇక పెట్రోలుతో తనకు పనిలేదనీ, బండి గ్యాసుతో నడిచే రోజు వస్తుందని మీ కాలంలో ఎవరైనా కలగన్నారా అనీ నన్ను అడిగాడు. పిల్లవాడి సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక నవ్వి ఊరుకున్నాను గానీ, వాడు వెళ్ళిపోయాక చాలాసేపు ఆ వాకిట్లోనే నిలబడిపోయాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మదనపల్లె, పుంగనూరు దారిలో ప్రయాణం చేసిన నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. వీపున పెద్ద ఇనుప డ్రమ్ము తగిలించుకుని, అందులో బొగ్గులు మండించుకుంటూ, ఆ గ్యాసుతోనే రొప్పుతూ నడిచిన బస్సులు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. మేము వాటిని బొగ్గు బస్సులనేవాళ్ళం. అలాంటి బస్సులు నడపబోయే ఇంట్లోకే నేను కోడలిగా అడుగుపెట్టాను.

మా మామగారిది బస్సు కంపెనీ. కంపెనీ అన్న మాట పెద్దది గానీ ఉన్నవి మూడు బస్సులు, ఒక రేకుల షెడ్డు, ఆ షెడ్డుకు ఆనుకునే మా ఇల్లు. మదనపల్లెలో పొద్దున బయలుదేరి, పుంగనూరు మీదుగా కుప్పం చేరి, అక్కడ బెంగుళూరు పోయే రైలుకు జనాన్ని అందించడం మా బస్సు ముఖ్యమైన పని. పట్టుగూళ్ళ బుట్టలు, తమలపాకుల కట్టలు, కోర్టు పనిమీద పోయేవాళ్ళు, పుట్టింటికి పోయేవాళ్ళు, అందరూ ఆ బస్సునే నమ్ముకుని ఉండేవాళ్ళు. మామగారి తమ్ముడు, అంటే మా చిన్నమామగారు, పెద్ద డ్రైవరు. మావారు స్కూలు ఫైనలు వరకూ చదువుకుని ఆఫీసు పని చూసేవారు. ఇంట్లో మాత్రం మా అత్తగారి మాటే చెల్లేది. ఆమె గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు, అయినా ఆమె ఏమంటుందోనని మామగారు కూడా ఒకసారి ఆగి చూసేవారు.

నా పెళ్ళయిన మరుసటి ఏటికల్లా పెట్రోలుకు కూపన్లు వచ్చాయి. మొదట వారానికి సరిపడా ఇచ్చేవారు, తరువాత సగం చేశారు, ఆ సగం కూడా ఒక్కోసారి బంకులో దొరికేది కాదు. మాలాంటి కంపెనీల వాళ్ళు ఒక్కొక్కరే బస్సుల చక్రాలు ఊడదీసి, దిమ్మల మీద నిలబెట్టి, షెడ్లకు తాళాలు వేసుకున్నారు. మా ఇంట్లో భోజనాల దగ్గర మాటలు తగ్గిపోయాయి. మామగారు కంచంలో అన్నం కలిపి, కలిపిన అన్నం అలాగే ఉండగా లేచిపోయేవారు. ఇంతలో పర్మిట్లు చూసే ఇన్‌స్పెక్టరు కబురు పంపాడు: బొగ్గు గ్యాసుతో వేళ తప్పకుండా బస్సు నడపగలిగిన వాళ్ళకే ఆ దారి ఉంటుందట, నడపలేని వాళ్ళ పర్మిట్టు ఇంకొకరికి పోతుందట.

మామగారు ఆలోచించి ఆలోచించి ఒక బస్సు అమ్మేశారు, ఆ డబ్బుతో మిగిలిన రెండింటికీ బెంగుళూరులో గ్యాసు డ్రమ్ములు బిగించారు. ఆ పని నేర్చుకోవడానికి మావారిని అక్కడే ఒక వర్కుషాపులో ఉంచారు. ఆయన తిరిగి వచ్చాక మా వీధి అరుగే బడి అయింది. సాయంత్రం బస్సులు చేరాక డ్రైవర్లనూ క్లీనర్లనూ కూర్చోబెట్టి, బొగ్గులోంచి గ్యాసు ఎట్లా పుడుతుంది, ఏ గొట్టం ఎందుకు, బూడిద ఎప్పుడు దులపాలి, ఏది చేస్తే ప్రాణం మీదికి వస్తుంది, అన్నీ పలకమీద బొమ్మలు గీసి చెప్పేవారు. అందరూ కూర్చునేవారు, చిన్నమామగారు తప్ప. తాను భుజాన ఎక్కించుకుని తిప్పిన పిల్లవాడు తనకు డ్రైవింగు పాఠం చెప్పడమేమిటని ఆయనకు కష్టంగా ఉండేది. ఇది బస్సా కుంపటా అని గొణుక్కుంటూ వీధి మలుపు దాకా పోయి బీడీ కాల్చుకుని, పాఠం అయ్యాక వచ్చేవారు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలిగిన మనిషి కాబట్టి, నిప్పు రాజేయడం, బండి కదిలించడం చూసి నేర్చుకున్నారు. ఇంకేమీ నేర్చుకోవలసిన అవసరం లేదనుకున్నారు.

ఇక బొగ్గు సంగతి. అడవి నుంచి వచ్చే బొగ్గు మూరెడు మూరెడు కట్టెల్లాగా ఉండేది. దాన్ని నిమ్మకాయంత ముక్కలుగా కొట్టాలి, పొడి లేకుండా జల్లెడ పట్టాలి, తడి తగలకుండా దాచాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా దారిలో బస్సు ఆగిపోతుంది. ఆ పని ఎవరు చేస్తారని మగవాళ్ళు తర్జనభర్జన పడుతుంటే, మా అత్తగారు కొంగు బిగించి సుత్తి పట్టుకున్నారు. చుట్టుపక్కల ఆడవాళ్ళను కూలికి పిలిచారు. మా మెకానిక్కు మేస్త్రి సాయిబు భార్య వాళ్ళకు పెద్ద. వడ్ల బస్తాలు ఉండే కొట్టులోకి బొగ్గు బస్తాలు వచ్చాయి. నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న చీరలన్నీ ఒకే రంగుకు తిరిగాయి. బి.కొత్తకోట నుంచి మా అమ్మ చూడ్డానికి వచ్చి, గడపలో నన్ను గుర్తుపట్టలేక, కోడలు పిల్ల ఉందా అని నన్నే అడిగింది.

నవ్వుకున్న రోజులు అవి రెండో మూడో. ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. ఇన్‌స్పెక్టరు కుప్పంలో ఉండి బస్సు రైలుకు అందుతుందో లేదో స్వయంగా చూస్తానన్న రోజు దగ్గరపడింది, దానికి కావలసిన బొగ్గు ఇంకా కొట్టలేదు. జల్లు వాకిట్లోకి కొడుతుంటే అత్తగారు ఆడవాళ్ళందరినీ షెడ్డులోకి రమ్మని, తడి రాకుండా తలుపులు మూయించారు. ఒక బస్సు లోపలే ఉంది. ఇంజను ఎట్లా ఉందో చూద్దామని అంతకు ముందే చిన్నమామగారు డ్రమ్ములో నిప్పు రాజేసి, కాసేపు నడిపి, ఇంజను ఆపి, నిప్పు అలాగే వదిలి, మూత కూడా సరిగా బిగించకుండా కాఫీకని ముందింట్లోకి వచ్చారు. అత్తగారు జల్లెడ పట్టుకుని కూర్చున్నది సరిగ్గా ఆ డ్రమ్ము పక్కనే.

నేను అందరికీ కాఫీ తెద్దామని లోపలికి వెళ్ళాను. గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని తిరిగి వస్తుంటే ఏదో తేడాగా అనిపించింది, ఏమిటో వెంటనే తెలియలేదు. రేకుల మీద వాన చప్పుడు ఉంది. సుత్తుల చప్పుడు లేదు.

భుజంతో తలుపు తోసి చూస్తే ఒకామె రెండు చేతులతో తల పట్టుకుని ఊగుతోంది, మేస్త్రి భార్య గడప దగ్గర వాంతి చేసుకుంటోంది, ఇంకొకామె లేవబోయి కాళ్ళు నిలవక కూలబడుతోంది. మా అత్తగారు బస్తాకు ఆనుకుని, ఒడిలో జల్లెడ పెట్టుకుని, నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుని ఉన్నారు. పొగ లేదు, కంపు లేదు. పళ్ళెం ఎక్కడ పడేశానో తెలియదు. ఆమె చంకల కింద చేతులు వేసి లాగాను. అంత సన్నటి మనిషి అంత బరువు ఎట్లా అయిందో ఇప్పటికీ నాకు తెలియదు. మేస్త్రి భార్య తాను నిలబడలేని స్థితిలోనే యా అల్లా అంటూ పాకి వచ్చి ఆమె కాళ్ళు పట్టుకుంది. నేను వేసిన కేకలకు మావారు పరుగెత్తుకొచ్చి, తలుపులు రెండూ బార్లా తీసి, అందరినీ బయట వానలోకే మోసుకురమ్మని అరిచారు. వానలో, బురదలో ఆమెను పడుకోబెట్టి అరికాళ్ళు రుద్దుతూ, అత్తమ్మా అత్తమ్మా అని పిలుస్తూ ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. మామగారు ఆమె మొహానికి గొడుగు పట్టుకుని నిలబడ్డారు.

చివరికి ఆమెకు వాంతి అయింది. కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, "సీరంతా తడిసిపొయ్యిందే, ఎవురు నన్ను ఈడ పండబెట్టింది?" అన్నారు. అప్పుడు ఏడ్చాను నేను.

మావారు చిన్నాయన ముందు గొంతెత్తడం ఆ ఒక్కసారే చూశాను. "పొగ రాదు, వాసన రాదు, మూసిన కొట్టంలో నిప్పు పెడితే మనిషి పోతాడని అరుగు మీద అందరికీ సెప్తి గదా చిన్నాయనా! నువ్వు యాడుండావు ఆ పొద్దు?" అన్నారు. చిన్నమామగారు వదిన పడుకున్న చోటికి రాబోయి, రాలేక, వెనక్కి తిరిగి పశువుల కొట్టంలోకి వెళ్ళి కూర్చున్నారు. తల్లి పోయాక ఆయనను పెంచింది ఈ వదినే. ఇక స్టీరింగు పట్టనని ఆయన అన్నట్టు మరునాడు క్లీనరు వచ్చి చెప్పాడు.

డాక్టరు వచ్చి చూసి ప్రాణానికి భయం లేదన్నాడు గానీ ఊళ్ళో మాట అప్పటికే పాకిపోయింది. మా బస్సులోంచి విషం వస్తుందన్నారు, ఇద్దరు ముగ్గురు పోయారన్నారు. బొగ్గు కొట్టే ఆడవాళ్ళు పనికి రాలేదు. పుంగనూరుకు పోవలసిన వాళ్ళు ఎద్దుల బండ్లు మాట్లాడుకున్నారు. మామగారు మంచం పక్కన కూర్చుని, ఇంక చాలు, పర్మిట్టు పోతే పోనీ, ఉన్న రెండూ అమ్మేసి ఇంత చేను చూసుకుందామన్నారు. అత్తగారు, "ముందు ఆ షెడ్డు ఎనక గోడ పడగొట్టించండి. గాలి ఆడనీ. మిగతాది మళ్ళ సూద్దాం" అన్నారు. ఆ పూటే గోడ కూల్చారు. అంత గోడ పోయేసరికి షెడ్డు చెట్ల కింద పందిరిలాగా అయిపోయింది, వానకు సగం బొగ్గు తడిసింది కూడా. అయినా ఆ గోడ మళ్ళీ లేవలేదు.

ఇన్‌స్పెక్టరు చెప్పిన రోజు రానే వచ్చింది. తడవకుండా మిగిలిన బొగ్గును నేనూ క్లీనర్లూ కొట్టి దానికి సిద్ధం చేశాం. బస్సు స్టాండులో నిలబడి ఉంది, వెనక క్లీనరు గాలి మర తిప్పుతూ నిప్పు రాజేస్తున్నాడు, లోపల ఒక్కరు కూడా లేరు. జనం లేక కాదు. మూటలు చేత పట్టుకుని దూరంగా అంగళ్ళ ముందు నిలబడి చూస్తున్నారు. అత్తగారు తల దువ్వుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని, నా భుజం పట్టుకుని నడిచి వచ్చారు. మంచం దిగవద్దని డాక్టరు చెప్పిన మనిషి, అందరూ చూస్తుండగా బస్సెక్కి డ్రైవరు వెనక ఉన్న మొదటి సీట్లో కూర్చున్నారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. చిన్నమామగారు కిందనే, తల వంచుకుని నిలబడి ఉన్నారు.

"వదినా, ఈ సేతుల్తో నిన్ను సంపబోతిని. ఇంకొకర్ని పెట్టుకోండి" అన్నారు.

"ఇంకొకరు తోలేదానికి నేను ఎక్కలేదప్పా. నువ్వు తోలితే కూసుంటా. లేకుంటే దిగి ఇంటికి పోతా."

ఆయన కదల్లేదు. ఆమె కూడా ఆయన వైపు చూడడం మానేసి, ముందున్న రోడ్డు మీద కళ్ళు పెట్టి, కూర్చునే ఉన్నారు. చివరికి ఆయన పైపంచతో మొహం తుడుచుకుని ఎక్కారు. అది చూసి మేస్త్రి సాయిబు భార్య ముసుగు సర్దుకుంటూ వచ్చి, "అమ్మే కూసున్నాక మనకేం భయం, జరగండమ్మా" అంటూ మా వెనక సీట్లో చతికిలబడింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ ఇంకొకరి వెనక ఒక పట్టుగూళ్ళ బుట్టవాడు, అట్లా బస్సు నిండింది. చివరగా మామగారూ, మావారూ ఎక్కారు.

పుంగనూరు దాకా బాగానే పోయాం. అది దాటాక బస్సుకు ఆయాసం వచ్చింది. పెట్రోలు బండి గుక్క తిప్పుకోకుండా ఎక్కే మిట్టల్లో ఇది మనిషి నడక కంటే నెమ్మదిగా పాకింది. మగవాళ్ళు దిగి పక్కన నడిచారు, తరువాత ఆడవాళ్ళు దిగారు. అత్తగారు మాత్రం దిగలేదు. తాను దిగితే మళ్ళీ ఏదో అయిందని జనం బెదిరిపోతారని ఆమెకు తెలుసు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉన్నారు, ఆ చెయ్యి చల్లగా ఉంది. నా చెవి దగ్గరికి వంగి, "తల తిరగతాండాది పాపా. ఎవురికీ సెప్పొద్దు" అన్నారు. అది నీరసమో, మళ్ళీ ఆ గ్యాసో నాకెట్లా తెలుస్తుంది? కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. అయినా నా తల కూడా తిరుగుతోందా అని నన్ను నేనే పరీక్షించుకుంటూ, చెప్పాలా వద్దా అని పెదవి కొరుక్కుంటూ కూర్చున్నాను.

మిట్ట సగంలో ఇంజను ఆగిపోయింది. బస్సు వెనక్కి జారింది. కింద నడిచేవాళ్ళు కేకలు వేసి చక్రాల కింద రాళ్ళు తోశారు. చిన్నమామగారు బ్రేకు మీద నిలబడినట్టు తొక్కిపట్టి, భయంతో వెనక్కి తిరిగి వదిన మొహం చూశారు. ఆమె రంగు చూసి ఆయనకు అర్థమైపోయిందనుకుంటాను. ఆయన నోరు తెరవబోయేంతలో ఆమె, "నన్నెందుకు సూస్తావు, ముందుకు సూడప్పా" అన్నారు.

ఆయన దిగారు. వెనక్కి వెళ్ళి డ్రమ్ము అడుగు తలుపు తెరిస్తే బొగ్గంతా దారి పొడుగునా అదిరి అదిరి పొడి అయిపోయి, గాలి ఆడకుండా గడ్డకట్టి ఉంది. ఆయన ఒక్క నిమిషం దాన్నే చూసి, నడుస్తున్న గుంపులో ఉన్న మావారిని కేకేసి పిలిచారు. అందరూ వింటుండగా, "ఏమి సెయ్యాలో సెప్పురా. సెప్పింది సెప్పినట్టు సేస్తా" అన్నారు. మావారు చెప్పారు, ఆయన చేశారు. పొడి లాగి పారేసి, బస్తాలోంచి కొత్త ముక్కలు పోసి, గాలి మర తానే తిప్పి, నిప్పు తెల్లగా కనిపించేదాకా ఆగి, మూత బిగించి, బిగించింది సరిగా ఉందా అని మావారినే అడిగి, మళ్ళీ సీటెక్కారు. ఈలోగా పొద్దు నడినెత్తి దాటి పోయింది. రైలు వేళ మాట ఎవరూ పైకి అనలేదు గానీ అందరి మనసుల్లోనూ అదే.

కుప్పం పొలిమేరలో ఉండగానే రైలు కూత వినిపించింది. మేము స్టేషను ముందు ఆగేసరికి చివరి పెట్టె ప్లాట్‌ఫారం దాటిపోతోంది. మూటలు పట్టుకున్న వాళ్ళు దిగి, దాని వైపు చూస్తూ నిలబడిపోయారు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసి, మామగారి వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. మామగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అప్పుడు చిన్నమామగారు, ఆ మసి చేతులతోనే ముందుకు వచ్చారు.

"బండి తప్పు కాదు సార్. దీన్ని నేర్చుకోవల్ల, నేను నేర్చుకోలేదు. ఒక గంట ముందుగా బయల్దేరి, పుంగనూరులో ఆపి బూడిద దులిపి, బొగ్గు మార్సుకుంటే రైలుకు అందుతుంది. నాకు కొంచెం టయిం ఇయ్యండి, నేర్చుకుంటా" అన్నారు.

ఇన్‌స్పెక్టరు బస్సులో ఇంకా కూర్చునే ఉన్న మా అత్తగారిని చూసి, ఆమె ఎవరని అడిగాడు. షెడ్డులో పడిపోయిన మనిషి ఆమేనని మామగారు చెప్పారు. ఆయన ఆమెను ఇంకోసారి చూసి, నెలాఖరుకు మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ నెలాఖరుకు మేము రైలుకు ముందే చేరాం. తరువాత కూడా చాలాసార్లు తప్పాం, చాలాసార్లు అందుకున్నాం, దారి మాత్రం మా చేతుల్లోనే ఉండిపోయింది. బొగ్గు కొట్టే ఆడవాళ్ళు కూడా మళ్ళీ పనికి వచ్చారు. పుంగనూరులో ఒక చిన్న బొగ్గు కొట్టు అద్దెకు తీసుకుని దాన్ని నాకూ, మేస్త్రి భార్యకూ అప్పగించారు. యుద్ధం ముగిసేదాకా నా కాపురం సగం అక్కడే గడిచింది. చిన్నమామగారు అరుగు మీద క్లీనర్ల మధ్య కూర్చుని పలకమీద బొమ్మలన్నీ నేర్చుకున్నారు. ఆ తరువాత వేరే కంపెనీల డ్రైవర్లు మా దగ్గరికి నేర్చుకోవడానికి వస్తే ఆయనే చెప్పేవారు. మొట్టమొదట గొట్టాల గురించి చెప్పేవారు కాదు, మా వదినను నేను ఎట్లా చంపబోయానంటే అని మొదలుపెట్టేవారు. ఆ మాట వినబడినప్పుడల్లా అత్తగారు వంటింట్లోంచి, ఎన్నిమార్లు చెప్తావప్పా, ఇంక చాలు అని విసుక్కునేవారు.

యుద్ధం అయిపోయింది. కొన్నాళ్ళకు పెట్రోలు మళ్ళీ దొరకసాగింది. ఒకరోజు మామగారు నవ్వు మొహంతో వచ్చి, డ్రమ్ములు ఊడదీయించమన్నారు. మగవాళ్ళందరికీ పండగలాగా ఉంది. బస్సు పాత చప్పుడుతో వాకిట్లోంచి దూసుకుపోతే వీధి పిల్లలు వెంట పరుగెత్తారు. మరునాడు పొద్దున మామూలుగానే బొగ్గు కొట్టే ఆడవాళ్ళు వచ్చారు. ఇక రావద్దని వాళ్ళకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. అత్తగారు బయటికి వచ్చి, వాళ్ళను చూసి, ఏమనాలో తెలియక, కాఫీ పెట్టమని నన్ను లోపలికి పంపారు. వాళ్ళు కాఫీ తాగి, కాసేపు కూర్చుని, ఉత్త చేతులతో పోవడం బాగుండదనుకున్నారో ఏమో, షెడ్డంతా ఊడ్చి, మూలల్లో మిగిలిన బొగ్గుపొడిని తట్టలకెత్తి పారబోసి, పోయొస్తామమ్మా అని చెప్పి వెళ్ళారు. కొందరు వేరుశనక్కాయలు ఒలిచే పనికి పోయారని విన్నాను. మేస్త్రి భార్య తప్ప మిగిలిన వాళ్ళెవరూ మళ్ళీ మా వాకిలి తొక్కలేదు.

తరువాత డీజిలు వచ్చింది, కొన్నేళ్ళకు బస్సులే మా చేతుల్లోంచి పోయాయి. ఇవాళ ఏ కొత్త బండి వచ్చినా, ఏ కొత్త పొయ్యి వచ్చినా, ఎవరో ఎక్కడో తయారుచేసి పెట్టెలో పెట్టి పంపుతారు, మనం మీట నొక్కుతాం. నొక్కడానికి భయం అక్కరలేదు, ఒకరినొకరు నమ్మించుకోవలసిన పనీ లేదు. అది మంచిదే, కాదనను. ఏ ఇంటి కోడలికీ అత్తగారిని వానలోకి లాక్కురావలసిన గతి పట్టకూడదు. కానీ మా కంపెనీ ఎట్లా నిలబడిందని ఎవరైనా అడిగితే మామగారి తెలివి గురించీ, మావారి చదువు గురించీ చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఒకరిద్దరు ఉన్నారు గానీ, ఆ పొద్దున షెడ్డు ఊడ్చి వెళ్ళిన వాళ్ళ ముఖాలు గుర్తున్న మనిషిని ఇక నేనొక్కదాన్నే మిగిలాను.